వంటింటి అల్మారా తలుపులకు స్టిక్కర్ షీటా, ఎనామిల్ పెయింటా?

అద్దె ఇల్లయితే స్టిక్కర్ షీటే మేలు. ఒక్క పూటలో పని అయిపోతుంది, వాసన ఉండదు, ఖాళీ చేసేటప్పుడు హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేసి లాగితే ఊడొస్తుంది. పొయ్యి పక్క తలుపుకి మాత్రం వద్దు. ఆవిరి, నూనె జిడ్డు కలిసి అంచుల్ని లేపేస్తాయి.

సొంతిల్లయితే నేను పెయింటే వేస్తాను. ఓపిక కావాలి మరి. ముందు సబ్బు నీళ్లతో జిడ్డు వదిలించి, పూర్తిగా ఆరాక 120 నంబరు, ఆ తర్వాత 220 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్దాలి. ప్రైమర్ మీద రెండు పల్చటి కోట్లు, మధ్యలో ఒక రాత్రి ఆరనివ్వాలి. సన్‌మైకా తలుపుకి నునుపు పోయేదాకా రుద్దకపోతే పెయింట్ పొరలుగా లేచిపోతుంది. ఈ కష్టం పడితే తర్వాత రోజూ తడిగుడ్డతో తుడిచినా భయం లేదు.

ఏది చేసినా ముందు వదులైన మడతబందులు చూడండి: స్క్రూ రంధ్రంలో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్ల దూర్చి, ఆరాక బిగిస్తే చాలు.