ఏడేళ్లు, 22 వేల కిలోమీటర్లు: వంశధార లోయలో నా టూరింగ్ సైకిల్

ఈ సైకిల్ 2018 డిసెంబరులో కొన్నాను. అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మా జిల్లా అతలాకుతలమై అప్పటికి రెండు నెలలు. మొదటి పెద్ద ప్రయాణం ఉద్దానంలోని చుట్టాలింటికే. దారి పొడుగునా కూలిన కొబ్బరిచెట్లు, వేళ్లతో సహా లేచిపోయిన జీడిచెట్లు ఇంకా అలాగే పడి ఉన్నాయి. అంతకుముందు బస్సులో రెండుసార్లు ఆ దారిన వెళ్లొచ్చాను. సైకిల్ మీద వెళ్లినప్పుడు మాత్రం ప్రతి తోట దగ్గరా ఆగాల్సి వచ్చింది, ఎవరో ఒకరు పలకరించేవాళ్లు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇక సెలవులన్నీ దీని మీదే అని నిశ్చయించుకున్నాను.

నాది శ్రీకాకుళం. బడిలో సోషల్ చెప్తాను. పాఠంలో వచ్చే ఊళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి వాటిని నిదానంగా చూడాలన్నది నా కోరిక. కొన్న వారానికే రాసే సమీక్షలు నమ్మి ఒకసారి నష్టపోయాను, అందుకే మీటరు 22 వేలు దాటాక రాస్తున్నాను.

ముందు బండి సంగతి. స్టీలు ఫ్రేము, పద్నాలుగున్నర కిలోల బరువు. ముందు 48, 36, 26 పళ్ల చక్రాలు మూడు. వెనక క్యాసెట్‌లో, అంటే పళ్ల చక్రాల గుత్తిలో, 11 నుంచి 32 పళ్ల దాకా ఎనిమిది. రిమ్మును పట్టే వి-బ్రేకులు. వెనక క్యారియరు, దానికి రెండు పక్కలా సంచులు. అప్పట్లో 38 వేలయింది. మన ప్రాంతంలో ఇలాంటి బండి మంచిదా కాదా తేల్చేవి మూడే మూడని నా అనుభవం: అన్నిటికంటే చిన్న గేరు, టైరు వెడల్పు, పల్లెటూరి షాపులో బాగుచేయించుకోగలమా లేదా అన్నది. రంగు, వేగం, బరువు ఇవన్నీ తర్వాతి మాట.

చిన్న గేరు విలువ కొత్తూరు నుంచి సీతంపేట ఎక్కినప్పుడు తెలిసింది. సంచుల్లో 12 కిలోల సామాను. ముందు 26, వెనక 32 పెడితే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి బండి కదిలేది ఒకటిముప్పావు మీటరే. గేర్లు లేని నా పాత సైకిలు అదే ఒక్క చుట్టుకు ఐదు మీటర్ల పైనే పోయేది. ఎక్కుడులో అది మోకాళ్లను పిండేస్తుంది. దీని మీద గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో, ఊపిరి అందుతూ, పక్కనున్న చింతచెట్లను, కొండవాలులో పోడు పొలాలను చూసుకుంటూ ఎక్కాను. ఎక్కడా దిగి తోయలేదు. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదా ఇదే గేరు కాపాడింది, కాకపోతే అక్కడ లారీల రద్దీ ఎక్కువ, మనసు రోడ్డు మీదే ఉండాలి. కొనేవాళ్లకు నా సలహా ఒకటే. ముందు చిన్న చక్రం పళ్లు వెనక పెద్దదాని కంటే తక్కువ ఉంటేనే కొండల వైపు వెళ్లండి.

నాకు ప్రాణమైన దారి శ్రీకాకుళం, నరసన్నపేట, శ్రీముఖలింగం, హిరమండలం, కొత్తూరు, సీతంపేట, పాలకొండ, తిరిగి ఇల్లు. రెండు రోజుల పని. పొద్దున్న ఐదింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరలోపు శ్రీముఖలింగం చేరతాం. నరసన్నపేట దాకా హైవే, అక్కడ తప్పుకున్నాక వరిచేల మధ్య చిన్న రోడ్డు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించిన ఊరు. ఇప్పచెట్టులో వెలిశాడని స్థలపురాణం చెప్పే మధుకేశ్వరుడు, కొంచెం దూరంలో భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. సోమేశ్వరాలయం రాతిగోడల మీద పొద్దుటి ఎండ పడేవేళకు అక్కడుండాలనే నేను అంత పెందలాడే లేస్తాను.

ఈ దారంతా నాకు గిడుగు రామమూర్తిగారి దారి. ముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేటలో 1863లో పుట్టారాయన. ముఖలింగం శాసనాలను పట్టుబట్టి చదివారు. సాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఈ కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సీతంపేట సంతలో కొండచీపుర్లు, పసుపు, అనాసపళ్లు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు తమలో తాము సవరలో మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ భాష కోసం ఒక మనిషి ఏళ్ల తరబడి ఈ కొండల చుట్టూ తిరిగాడన్నది పుస్తకంలో చదివినప్పుడు నాకంతగా ఎక్కలేదు. కొత్తూరు ఎక్కుడు ఎక్కి, చెమటతో ఆ సంతలో నిలబడ్డాక ఎక్కింది. అప్పట్నుంచి ఆగస్టు 29న పిల్లలకు ఆయన గురించి నేను చెప్పే పాఠమే మారిపోయింది.

ఇక టైర్లు. బండితో వచ్చినవి 32 మిల్లీమీటర్లవి. వంశధార కాలవ గట్ల మీద, గార నుంచి సాలిహుండం వైపు ఇసుక కలిసిన దారుల్లో ముందు చక్రం పక్కకు జారిపోయేది. మూడు వేల కిలోమీటర్లకే తీసేసి 38 వేయించాను. తారురోడ్డు మీద కొద్దిగా మందగించింది గానీ, మణికట్టు నొప్పి సగానికి సగం తగ్గింది. గాలి 50 పీఎస్ఐ చాలు, బాగా గట్టిగా కొట్టించకండి. సాలిహుండంలో బండి కొండ కిందే పెట్టి ఎక్కాలి. పైన స్తూపాల పక్క నుంచి చూస్తే వంశధార సముద్రం వైపు సాగిపోవడం కనిపిస్తుంది. దిగి, కళింగపట్నం లైట్‌హౌస్ దాకా తొక్కి, బీచ్‌లో ఒక కొబ్బరిబోండాం తాగి వెనక్కి రావడం ఒక ఆదివారానికి సరిపోయే తిరుగుడు.

కోతల కాలంలో వచ్చే ఒక ఇబ్బంది ఏ సమీక్షలోనూ నేను చదవలేదు. మన రైతులు కోసిన పంటను రోడ్డు మీదే పరుస్తారు, బళ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఆ గడ్డి, గోగునార పోగులు వెనక గేరు మార్చే పరికరంలోని చిన్న చక్రాలకు చుట్టుకుంటాయి. ఒకసారి రెండు పోచలు దూరి చైను బిగుసుకుపోయింది. బలంగా తొక్కి ఉంటే ఆ పరికరం విరిగేదే. ఇప్పుడు గడ్డి కనిపిస్తే పెడల్ ఆపి, వచ్చిన వేగంతోనే దాటేస్తాను. దాటాక దిగి వేలితో లాగేస్తాను.

అసలు పరీక్ష హిరమండలం దగ్గర జరిగింది. తొమ్మిది వేల కిలోమీటర్ల దగ్గర, గొట్టా బ్యారేజీ చూసి వస్తుంటే టంగుమని చప్పుడు. వెనక చక్రంలో, గేర్ల వైపు చువ్వ తెగింది. చక్రం వంకర తిరిగి బ్రేకుకు రాసుకుంటోంది. ఫ్రేముకు టేపుతో అంటించుకున్న స్పేర్ చువ్వలు నా దగ్గరున్నాయి. కానీ ఆ వైపు చువ్వ ఎక్కించాలంటే క్యాసెట్ ఊడదీయాలి, దానికి ప్రత్యేకమైన పానా కావాలి. అది ఇంట్లో ఉంది. టెన్షన్‌తో బండి నడిపించుకుంటూ రోడ్డు పక్క సైకిల్ షాపుకెళ్లాను. అరవై దాటిన మనిషి. చక్రం ఒకసారి తిప్పి చూశాడు.

"ఈ పళ్లు ఊడదీసీ పానా నా కాడ లేదు బావూ."

"మరెలా బాబాయ్? శ్రీకాకుళం వెళ్లాలి."

"ఏటీ అవ్వదు. కూకో. ఇల్లు చేరిపిస్తాను."

మామూలు సైకిల్ చువ్వ, కాస్త పొడుగుది తీశాడు. తల కత్తిరించాడు. కొసను కటింగ్ ప్లేయరుతో పట్టి రెండు వంపులు తిప్పాడు, కొక్కెంలాగా. దాన్ని క్యాసెట్ వెనక సందులోంచి దూర్చి హబ్బు బెజ్జానికి తగిలించి, రిమ్ము దగ్గర తన నిపిల్ వేసి బిగించాడు. తర్వాత పది నిమిషాలు చక్రం తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో చువ్వనూ వేలితో మీటుతూ బెండు తీశాడు. అరవై రూపాయలు అడిగాడు, వంద ఇస్తే నలభై వెనక్కి ఇచ్చాడు. ఆ కొక్కెం చువ్వతో ఇంటి దాకా వచ్చాను. ఆ తర్వాత ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆ షాపు దగ్గర ఆగుతాను. మామూలు సైకిల్ చువ్వతోనే పని జరగడం చూశాకే, మామూలు సైకిల్‌కు దగ్గరగా ఉండే బండే మనకు మంచిదని గట్టిగా అంటున్నాను.

అదే చువ్వల విషయంలో నగరంలోని సర్వీస్ సెంటరుకు బండి తీసుకెళ్తే పదకొండు రోజులు ఉంచుకుని, చక్రం బిగువు చూడకుండానే తిరిగిచ్చారు. నెలలో ఇంకో రెండు తెగాయి. చివరికి అన్ని చువ్వలూ మార్పించాను, మళ్లీ తెగలేదు.

వాల్వు గురించి తప్పకుండా చెప్పాలి. బండితో వచ్చిన ట్యూబులకు సన్నటి ప్రెస్టా వాల్వు. పాతపట్నంలో ఒకసారి పంచర్ వేయించాక గాలి కొట్టడానికి ఏ పంపూ పట్టలేదు. నా చేతి పంపుతో అరగంట కొట్టుకున్నాను. రిమ్ము మార్చినప్పుడు బైకు ట్యూబుల్లాంటి వాల్వుకు సరిపోయేది తీసుకున్నాను. ఇప్పుడు పెట్రోల్ బంకులోనైనా, బైకు పంచర్ షాపులోనైనా గాలి దొరుకుతుంది.

రిమ్ము మార్చింది 15 వేల దగ్గర. వి-బ్రేకులు రిమ్మును తినేస్తాయి, వానలో బురదా ఇసుకా అంటితే మరీను. రిమ్ము పక్క అంచుకు స్కేలు ఆనిస్తే మధ్యలోంచి వెలుతురు కనిపించింది, అంత గుంట పడింది. వానలో సీతంపేట నుంచి పాలకొండ వైపు దిగేటప్పుడు ఈ బ్రేకులు ఆలస్యంగా పడతాయి. ముందే మెల్లగా నొక్కి రిమ్మును ఆరబెట్టుకుంటూ దిగాలి. డిస్క్ బ్రేకులైతే ఈ బాధ తక్కువ. ఈ ఒక్క విషయంలో నా బండికి తక్కువ మార్కులే వేస్తాను. బండితో వచ్చిన సీటు కూడా బాగాలేదు, 60 కిలోమీటర్లు దాటితే కూర్చోలేం, రెండో నెలలోనే మార్చేశాను.

చైన్లు ఇప్పటికి ఐదు మార్చాను. ప్రతి నెలా 12 అంగుళాల స్కేలుతో కొలుస్తాను. లోపలిదీ బయటిదీ కలిపి ఒకటిగా లెక్కేస్తే 12 పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి, అంగుళంలో పదహారో వంతు సాగిందంటే తీసేస్తాను. అందుకే ఇన్ని కిలోమీటర్లకు రెండో క్యాసెట్టే నడుస్తోంది. ఫ్రేముకు ఏమీ కాలేదు. కళింగపట్నం ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టాయి గానీ, తిరిగొచ్చిన రోజే మంచినీళ్లతో కడిగి తుడిచి ఆయిల్ వేస్తే సరిపోతుంది.

విజయనగరం వైపు తక్కువే తిరిగాను. 1713లో పునాది వేసిన కోట, అక్కడి నుంచి రామతీర్థం. రాములవారి దర్శనం అయ్యాక గురుభక్తులకొండ ఎక్కి బౌద్ధ శిథిలాలు చూడండి. ఇంకోరోజు గోస్తనీ మీది తాటిపూడి రిజర్వాయరు. రోడ్లు నున్నగా ఉంటాయి, ఏ గేర్ల సైకిలైనా సరిపోతుంది.

మన్యం వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. సీతంపేట, పాలకొండ 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఆ ప్రాంతాల్లో తిరుగుతుంటాయి. పంటలూ పోయాయి, ప్రాణాలూ పోయాయి. పొద్దున్నే బయల్దేరే ముందు టీ కొట్టులో అడగండి, గుంపు ఎటు ఉందో వాళ్లకు తెలుస్తుంది. వద్దంటే ఆ రోజుకు వెళ్లకండి. నేను రెండుసార్లు అలా వెనక్కి తిరిగాను. చీకటి పడ్డాక ఆ రోడ్లలో ఎప్పుడూ తొక్కలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలం వెళ్లక తప్పకపోతే పదింటికల్లా ఏదో ఒక ఊరు చేరి, దొరికితే చోడంబలి తాగి, నాలుగింటి దాకా నీడపట్టున ఉండండి.

ఇప్పుడు ముందున్న 36 పళ్ల చక్రం అరిగి చైను జారుతోంది. కొత్తది తెప్పించాను, ఈ శనివారం బిగిస్తాను. ఆదివారం ముఖలింగం.