శీతాకాలపు బసకు మోటార్‌హోమ్: ముందు నేల కింద చూడండి

గడ్డకట్టే చలిలో బస చేయడానికి మోటార్‌హోమ్ (లోపలే పడుకుని, వండుకునే వీలున్న ఇల్లులాంటి బండి) ఎంచుకునేవారు పరుపులు, అల్మరాల కంటే ముందు నీళ్ల ట్యాంకులు ఎక్కడున్నాయో చూడాలని నా గట్టి అభిప్రాయం. రెండు పొరల నేల ఉండి, మంచినీటి ట్యాంకు, వాడిన నీటి ట్యాంకు, పైపులు, వాల్వులు అన్నీ ఆ మధ్య ఖాళీలో వెచ్చదనం తగిలేలా అమర్చిన బండ్లే ఈ పనికి నిజంగా తగినవి. వాడిన నీటి ట్యాంకు రక్షణ లేకుండా బయట వేలాడే బండిలో, లోపల ఎంత వెచ్చగా ఉన్నా, సింకు నీరు పోయే దారి మంచుగడ్డతో మూసుకుపోతుంది.

హీటింగుకు ఈఎన్ 1646-1 అనే యూరోపియన్ మోటార్‌హోమ్ ప్రమాణంలోని మూడో శ్రేణి ఉందా అని అడగండి: బయట మైనస్ 15 డిగ్రీలున్నా 4 గంటల్లో లోపల 20 డిగ్రీలకు చేరాలన్నది దాని షరతు. వేడిగాలి హీటరు త్వరగా వెచ్చబరుస్తుంది. వేడి ద్రవాన్ని గొట్టాల్లో తిప్పే పద్ధతి నిదానంగా అందుకున్నా గోడల వెంబడి సమంగా వేడినిస్తుంది కనుక, బరువూ ధరా ఎక్కువైనా నా మొగ్గు దానికే.

గ్యాసు మాత్రం ప్రొపేనే కావాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. లిథియం బ్యాటరీని సున్నాకు దిగువన ఛార్జ్ చేస్తే దెబ్బతింటుంది కాబట్టి, అదీ వెచ్చని చోటే ఉండాలి.