ఒడియాకు ఆంకీడ్రాయిడ్: కార్డులు ఎన్ని, బజారు ఎంత?

టెక్కలి, పాతపట్నం వైపు వ్యాపారం చేసేవాళ్లకు ఒడియాతో రోజూ పని పడుతుంది. మాటలు గుర్తుంచుకోడానికి ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరికే ఆంకీడ్రాయిడ్ చాలా మంచి యాప్. నెట్ లేకపోయినా నడుస్తుంది. ఒకవైపు మాట, రెండోవైపు అర్థం ఉండే కార్డును మరిచిపోబోయే వేళకి మళ్లీ ముందు పెడుతుంది. మాట్లాడటం మాత్రం నేర్పదు, దానికి ఒడిశాలోని పర్లాకిమిడి బజారుకు వెళ్లాల్సిందే.

పెట్టగానే మార్చాల్సింది ఒకటుంది. రోజుకు 20 కొత్త కార్డులని ముందే అమర్చి ఉంటుంది. కొన్ని వారాల్లో రివ్యూలు, అంటే మళ్లీ చూడాల్సిన పాత కార్డులు, దానికి దాదాపు పది రెట్లవుతాయి, అంటే రోజుకు రెండు వందలు. చాలామంది అక్కడే వదిలేస్తారు. డెక్ (కార్డుల కట్ట) మీద వేలు నొక్కిపట్టి, డెక్ ఆప్షన్స్‌లో ఆ 20ని 5 చేయండి. పావుగంటలో తేలిపోతుంది, మిగతా సమయం మనుషులకు దక్కుతుంది.

ఎవరో చేసిపెట్టిన డెక్ దించుకోవద్దు. ఒడియాలో ధరను 'దర' అని రాస్తారు, పలికేది 'దొరొ' అని. అక్షరం చూసి నేర్చుకున్నవాడు కొట్టు దగ్గర 'దొరొ కెతె' అని వినగానే దొర ఎవరని చూస్తాడు. ఇరవైని 'కోడిఏ' అంటారు. కూరగాయల దగ్గర 'కోడిఏ టొంకా' అంటే ఇరవై రూపాయలు, కోడి సంగతి కాదు. అందుకే ప్రతి కార్డుకీ గొంతు ఉండాలి. కార్డు రాసే చోటే రికార్డు చేసే వీలుంది. కొట్టువాళ్లను అడిగి ఆ మాట వాళ్లచేతే పలికించండి. ముందువైపు గొంతు, వెనకవైపు అర్థం.

టెక్కలిలో గుణుపూర్ రైలెక్కితే పాతపట్నం దాటాక పర్లాకిమిడి. రివ్యూలు రైల్లోనే ముగించి, దిగాక ఫోన్ జేబులో పెట్టేయాలి. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది: మీరు తడబడగానే అవతలివాళ్లు తెలుగులోకి వచ్చేస్తారు. అది వాళ్ల మంచితనమే, కానీ మీ ఒడియా అక్కడితో ఆగిపోతుంది. 'ధీరే కుహొంతు', అంటే మెల్లగా చెప్పండి. 'ఆఉ థొరే కుహొంతు', ఇంకోసారి చెప్పండి. ఈ రెండూ నోట్లో నానాకే బయల్దేరండి. అక్కడ అర్థం కాని ఐదు మాటలే మర్నాటి ఐదు కార్డులు.

గుర్తురాని కార్డుకు మొహమాటపడి 'హార్డ్' నొక్కేవాళ్లు ఎక్కువ. 'హార్డ్' అంటే కష్టపడ్డా గుర్తొచ్చిందని యాప్ లెక్క, గడువు పెంచేస్తుంది. రాకపోతే 'ఎగైన్' నొక్కాలి. నేర్చుకున్న కార్డు ఎనిమిది సార్లు తప్పితే యాప్ దానికి 'లీచ్' (జలగ) అని గుర్తు పెడుతుంది. దాన్ని మళ్లీ తెరిచి బట్టీ పట్టకండి, ఆ మాటను వాక్యంలో పెట్టి కొత్త కార్డు రాయండి.

ఐఫోన్‌లో ఇది లేదు, అక్కడి ఆంకీమొబైల్‌కు డబ్బు కట్టాలి. ఏ ఫోనైనా ఆంకీవెబ్ (కార్డుల్ని నెట్‌లో దాచే చోటు) ఖాతా తెరిచి సింక్ చేస్తూ ఉండండి. సింక్ చేయకుండా ఫోన్ పోతే, కూడబెట్టిన గొంతుల కోసం మళ్లీ ఆ కొట్లన్నీ తిరగాలి.