కెనిల్‌వర్త్ నుంచి ఈవ్‌షమ్ దాకా: సైమన్ వెనకాల రెండు రోజులు

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నడిబొడ్డున గడియార స్తంభానికి నాలుగు మూలలా నాలుగు విగ్రహాలున్నాయి. అందులో ఒకటి సైమన్ డి మాంట్‌ఫోర్ట్‌ది. మా అక్క కొడుకు ఆయన పేరున్న యూనివర్సిటీలోనే మాస్టర్స్ చేశాడు. "ఎవర్రా ఈయన?" అంటే "ఏమో మావయ్యా, సర్టిఫికెట్ మీద ఉన్నాడంటే పెద్దమనిషే అయ్యుంటాడు" అన్నాడు. 1231లో ఈ పెద్దమనిషే లెస్టర్ నుంచి యూదులను వెళ్లగొట్టాడని చెప్తే కాసేపు మాట్లాడలేదు. మే నెలలో రెండు రోజులు ఖాళీ దొరికితే కారు అద్దెకు తీసుకుని బయల్దేరాం.

సైమన్ ఫ్రాన్స్ నుంచి వచ్చినవాడు. మూడో హెన్రీ రాజు చెల్లెలు ఎలినార్‌ను 1238లో గుట్టుగా పెళ్లాడాడు. ఆమెకు మొదటి భర్త ఆస్తిలో రావాల్సిన వాటా గొడవ ఏళ్ల తరబడి నలిగింది. రాజు పాలన మీద ప్రభువులకున్న కోపమూ దానికి తోడైంది. 1264లో లూయిస్ అనే ఊరి దగ్గర జరిగిన యుద్ధంలో సైమన్ బావమరిదినే బందీగా పట్టుకుని, ఏడాదికి పైగా దేశాన్ని నడిపాడు. 1265 జనవరిలో ఆయన పిలిపించిన పార్లమెంటుకు పట్టణాల ప్రతినిధులు కూడా వచ్చారు. పేరు నిలిచింది దానివల్లే.

మొదట సైమన్ చేతిలో ఉన్న కెనిల్‌వర్త్ కోట. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే గేటు దగ్గరకన్నా తక్కువ పడుతుంది. ఎర్రరాతి గోడలు, తోట, పాత గుర్రపుశాలలో టీ దుకాణం, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకు పూట గడిచిపోతుంది. కానీ సైమన్ కోసం వెళ్తే కాస్త నిరాశే. ఎటు తిరిగినా తర్వాతి కాలపు యజమాని రాబర్ట్ డడ్లీ, 1575లో ఆయన ఇంట్లో 19 రోజులు మకాం వేసిన ఎలిజబెత్ రాణి. సైమన్ కాలంలో కోట చుట్టూ పెద్ద చెరువు ఉండేది. ఇప్పుడు పచ్చిక బయలు. కోటలోకి నడిచే దారి ఆ చెరువు కట్టే. దాని మీద నిలబడితేనే, సైమన్ పోయాక కూడా ఆయన మనుషులు 1266లో దాదాపు ఆరు నెలలు ఎలా తట్టుకున్నారో అర్థమైంది. చివరికి ఆకలి, రోగాలే వాళ్లను లొంగదీశాయి.

అంత గట్టి కోట ఉండి కూడా 1265 ఆగస్టు మొదట్లో సైమన్ కొడుకు, చిన్న సైమన్, సైన్యాన్ని బయట ఊళ్లో పడుకోబెట్టాడు. హెన్రీ కొడుకు, యువరాజు ఎడ్వర్డ్ తెల్లవారుజామున వచ్చి పడ్డాడు. మనుషులు దొరికిపోయారు, జెండాలూ దొరికాయి. అక్కడే కథ తిరిగింది.

ఆ రాత్రి ఈవ్‌షమ్‌లో బస. గెస్ట్‌హౌస్ పేరు చెప్పను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, శాకాహారం అని ముందే రాసినా పొద్దున పళ్లెంలో సాసేజ్ పెట్టారు. మంచం మాత్రం బాగుంది. రాత్రి భోజనానికి పబ్బులో వెన్న వేసిన ఆస్పరాగస్ తిన్నాం. ఈ లోయకు అదే పేరు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకానే సీజన్, అప్పుడు వెళ్తే వదలకండి.

ఈవ్‌షమ్‌ను ఏవన్ నది మూడు వైపులా చుట్టి ఉంటుంది. ఆగస్టు 4న ఎడ్వర్డ్ ఉత్తరాన గుట్ట మీద దారి మూసేశాడు. ఎడ్వర్డ్ సైన్యం ముందు కనిపించినవి, దొరికిపోయిన కొడుకు జెండాలే కాబట్టి కొడుకే వస్తున్నాడనుకున్నాడు సైమన్. మఠం గోపురం ఎక్కి చూసిన ఆయన మంగలి వచ్చేది శత్రువులేనని పోల్చుకున్నాడట. ఉరుముల మధ్య జరిగింది యుద్ధం కాదు, ఊచకోత. పెద్ద కొడుకు హెన్రీ కూడా అక్కడే పోయాడు. బందీ రాజు "నేను మీ రాజును" అని అరిస్తే గానీ సొంత మనుషుల చేతుల్లోంచి బతికి బయటపడలేదు. సైమన్ తల, చేతులు, కాళ్లు నరికి, తలను ఎడ్వర్డ్ పక్షాన పోరాడిన ప్రభువు రోజర్ మోర్టిమర్ భార్యకు కానుకగా పంపారు.

"ఎడ్వర్డ్ తండ్రికి ఎలినార్ చెల్లెలంటే, సైమన్ వాడికి మావయ్యే కదా?" అన్నాడు మావాడు. అవునన్నాను. నాకు కొంచెం దూరంగా జరిగి నవ్వాడు.

ఊళ్లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. మఠాన్ని 1540 తర్వాత పడగొట్టారు. 16వ శతాబ్దపు గంట గోపురం లాంటివి కొన్నే మిగిలాయి. పార్కులో, మిగిలిన శరీరాన్ని సన్యాసులు పాతిన మఠం స్థలంలో, 1965లో పెట్టిన రాయి ఉంది. టికెట్ లేదు, గైడు లేడు. ఎవరో కుక్కను తిప్పుతున్నారు. అయినా కోటలో గడిపిన నాలుగు గంటలకన్నా ఇక్కడి అరగంటే నాకు గుర్తుంది. ఎలినార్ ఫ్రాన్స్‌లో సన్యాసినుల మఠంలో పోయింది. 1271లో ఇద్దరు కొడుకులు ఇటలీలోని విటెర్బో చర్చిలో మేనమామ కొడుకును చంపారు. కూతురు వేల్స్ రాకుమారుడు ల్లెవెలిన్‌ను పెళ్లాడి, 1282లో కాన్పులో పోయింది.

ఒక్కరోజే ఉంటే పిల్లలున్నవాళ్లు కెనిల్‌వర్త్ చూడండి, లేనివాళ్లు ఈవ్‌షమ్ చూడండి. రెండిటి మధ్య కారులో గంట లోపే. కారు ఇచ్చేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. మేము తీసుకోలేదు, ఎప్పటిదో గీతకు మా అడ్వాన్సులో కోత పడింది.