అద్దె ఒప్పందానికి ముందే చదవవలసిన మార్గదర్శిని: ‘చూజ్ సేఫ్ ప్లేసెస్’ సమీక్ష

పసిపిల్లల డే కేర్ కేంద్రానికి లైసెన్సు ఇచ్చే ముందు అగ్నిమాపక ఏర్పాట్లు, సిబ్బంది సంఖ్య, వంటగది శుభ్రత తప్పక చూస్తారు గాని, ఆ భవనంలో మునుపు ఏ వ్యాపారం సాగిందన్న ప్రశ్న సులభంగా మరుగున పడిపోతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఏటీఎస్‌డీఆర్ 2017లో వెలువరించిన ఉచిత మార్గదర్శిని ‘చూజ్ సేఫ్ ప్లేసెస్’ సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కిడ్డీ కాలేజ్ అనే డే కేర్ ఉదంతం చెబుతుంది. పాదరసపు థర్మామీటర్లు తయారుచేసే కర్మాగారం 1994లో మూతపడగా, ఆ భవనంలోనే 2004లో డే కేర్ తెరిచారు. 2006లో దాన్ని మూయించి పరీక్షలు జరిపితే, దాదాపు మూడోవంతు పిల్లల్లో పాదరసం ఉండవలసినదానికంటే ఎక్కువగా కనబడింది. పాదరసపు ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. గోడలకు కొత్త రంగులు వేసి బొమ్మలు అతికించిన గదిలో అది ఉందని ఏ తల్లికి మాత్రం అనుమానం వస్తుంది? మరుసటి ఏడాదే న్యూజెర్సీ ఇలాంటి స్థలాలకు పర్యావరణ పరిశీలనను తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

స్థలం పూర్వచరిత్ర, ఇరుగుపొరుగు నుంచి వచ్చే కాలుష్యం, నేలలో సహజంగా ఉండే హానికర పదార్థాలు, తాగునీటి భద్రత అనే నాలుగు అంశాల మీద ఈ మార్గదర్శిని నడుస్తుంది. వీటిలో రెండోది నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా అనిపించింది, ఎందుకంటే మన భవనం ఎంత శుభ్రంగా ఉన్నా, పక్క వాటాలో డ్రైక్లీనింగ్ దుకాణం ఉంటే అక్కడ బట్టల శుభ్రతకు వాడే పెర్క్లోరోఇథిలీన్ అనే రసాయనపు ఆవిరి ఉమ్మడి గోడల గుండానూ, అది నేలలోకి ఇంకివుంటే గచ్చు పగుళ్ల గుండానూ పిల్లల గదిలోకి చేరగలదు. పాకుతూ, చేతికందినదల్లా నోట పెట్టుకునే వయసు కావడం వల్ల నేలకు దగ్గరగా ఉన్న ప్రమాదం మొదట తగిలేది పిల్లలకే.

లోపాలూ ఉన్నాయి. ప్రధానంగా రాష్ట్రాల అధికారులను ఉద్దేశించి రాసినందున, డే కేర్ కేంద్రం పెట్టదలచిన సామాన్యులకు ఇందులోని భాష కాస్త బరువుగానే ఉంటుంది. అంతకంటే పెద్ద లోపం, ఇది సలహా మాత్రమే; పాటించి తీరాలన్న నిర్బంధం దీనికి లేదు. స్థలం ఎంపిక మీదే దృష్టి పెట్టింది గనుక, ఎప్పటినుంచో నడుస్తున్న కేంద్రాల యజమానులకు దక్కేది తక్కువ. అలాంటివారు చివరి రెండు అంశాలతో మొదలుపెట్టడం మేలు: కుళాయి నీటిలో సీసానికీ, నేలలోంచి సహజంగా వెలువడి గదిలోని గాలిలో చేరే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువుకూ పరీక్షలు సులువుగానే చేయించుకోవచ్చు, రాడాన్ లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతకు కొలమానం) లేదా అంతకు మించి ఉంటే సరిచేయించాలని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతోంది.