ట్రిప్‌కి వారం ముందు కెమెరా పోతే: రిపేరా, రెంటా, కొత్తదా?

కర్ణాటకలోని కబినీ అడవిలో సఫారీ బుక్ అయింది, లీవ్ శాంక్షన్ అయింది, వచ్చే శుక్రవారం బెంగళూరు నుంచి బయల్దేరాలి, ఇప్పుడు చూస్తే కెమెరా షట్టర్ పడట్లేదు. ఇలాంటప్పుడు మనవాళ్లందరూ మొదట చేసే పని ఫోన్ తీసి కొత్త కెమెరా ఆఫర్లు వెతకడం. నన్నడిగితే అది అన్నిటికంటే ఆఖర్న చూడాల్సింది. నా ఓటు రెంట్‌కే, ఎందుకో చెప్తా, రెంట్ పనికిరాని సందర్భాలు కూడా ఉన్నాయి, అవీ చెప్తా.

ముందు అసలు కెమెరా నిజంగానే పోయిందా అని ఒక పది నిమిషాలు చూడండి. కెనాన్‌లో తెర మీద ఎర్ 01 (ఎర్రర్ నంబర్) వస్తే బాడీకీ, అంటే లెన్స్ తీసేసిన కెమెరాకీ, లెన్స్‌కీ మధ్య కాంటాక్ట్ సరిగ్గా అందట్లేదని, లెన్స్ వెనకాల బంగారు రంగులో చిన్న చిన్న పాయింట్లు ఉంటాయి కదా, వాటిని పొడిగా ఉన్న మెత్తటి గుడ్డతో తుడిచి, ఇంట్లో ఇంకో లెన్స్ ఉంటే అది కూడా పెట్టి చూడండి, గొడవ అక్కడే తేలిపోవచ్చు. ఎర్ 30 అయితే మాత్రం షట్టర్ దగ్గరే సమస్య. నికాన్‌లో నంబర్ లేకుండా ఉత్త ఎర్ అని వస్తుంది, షట్టర్ బటన్ ఇంకోసారి నొక్కితే పోతే సరే, మళ్లీ మళ్లీ వస్తుంటే సర్వీస్‌కి ఇవ్వాల్సిందే.

రిపేర్ సంగతి ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది, "పార్ట్ మీ దగ్గర స్టాక్‌లో ఉందా?" ఉంది, రెండ్రోజుల్లో ఇస్తాం అని కాయితం మీద రాసిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు, అదే బెస్ట్. తెప్పించాలి సార్ అన్నారంటే ఆ కెమెరా ఈ ట్రిప్‌కి రాదనే అనుకోండి. ఇచ్చేసి రండి, ఎస్టిమేట్ తీసుకోండి, కానీ దాని మీద ఆశ పెట్టుకుని శుక్రవారం సాయంత్రం దాకా ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు.

ఇంక కొత్తది. కొత్త కెమెరా మంచిది కాదని నేననట్లేదు, టైమ్ మంచిది కాదంటున్నా. ముహూర్తం పెట్టేసుకుని అప్పుడు సంబంధం వెతికినట్టు ఉంటుంది, ఏది దొరికితే అది ఖాయం చేసేస్తాం. కెనాన్, నికాన్ రెండూ 2018లో ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరాల కోసం కొత్త మౌంట్లు (లెన్స్ బిగించే చోటు) తెచ్చాయి, కెనాన్‌ది ఆర్ఎఫ్, నికాన్‌ది జెడ్, మీ పాత డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న కెమెరా) లెన్సులు వాటికి నేరుగా పట్టవు, అడాప్టర్ కావాలి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ ఉండదు కాబట్టి సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్సులకి ఆటోఫోకస్ రాదు, మోటార్ లోపలే ఉన్న ఏఎఫ్-ఎస్ వాటికి వస్తుంది. బ్యాటరీ ఇంకో సంగతి: నికాన్ డీఎస్ఎల్ఆర్ డీ5600 ఒక ఛార్జికి కంపెనీ లెక్క ప్రకారం 970 ఫోటోలు, మిర్రర్‌లెస్ జెడ్50 సుమారు 300. అంటే బాడీతో ఆగదు, అడాప్టర్, ఎక్స్‌ట్రా బ్యాటరీలు అన్నీ తోడవుతాయి. పైగా జీపు కదులుతుంటే, ఎదురుగా చిరుత దాటిపోతుంటే, ఐఎస్ఓ (వెలుతురుకి తగ్గట్టు సెన్సర్ స్పందన మార్చే) బటన్ ఎక్కడుందో వేళ్లకే తెలియాలి, మెనూలో వెతుక్కునే టైమ్ ఉండదు. ఆ అలవాటు రావడానికి లాల్‌బాగ్‌లో కనీసం రెండు మూడు ఉదయాలైనా తిరగాలి.

అదే రెంట్‌కి అయితే మీ లెన్స్ మీది, బాడీ ఒక్కటే తెచ్చుకుంటారు. ఉదాహరణకి మీది డీ5600, 200-500 ఎంఎం జూమ్ లెన్స్ అనుకోండి, నికాన్‌దే డీ7500 అడగండి, అదే ఎఫ్ మౌంట్, అదే ఎస్‌డీ కార్డు, సెకనుకి 5 ఫోటోలు పడేది 8 పడతాయి. ఇక్కడ చాలామంది చూసుకోనిది ఒకటుంది, ఆ రెండిటి బ్యాటరీలు వేరు, మీ దగ్గర ఉన్న స్పేర్లు దాన్లో పట్టవు, కాబట్టి రెండు బ్యాటరీలు, ఛార్జర్ కలిపి అడగండి. డిపాజిట్, ఆధార్ కాపీ లాంటివి అడుగుతారు, అది మామూలే. దసరా, క్రిస్మస్ సెలవులైతే ముందే అయిపోతాయి, కెమెరా పోయిందని తెలిసిన రోజే ఫోన్ చేసి పెట్టుకోండి.

ఫోన్ చాలదా అంటే, లేపాక్షికో హంపికో ఇంట్లోవాళ్లతో వెళ్తుంటే హాయిగా చాలు, డబ్బులు దండగ చేసుకోవద్దు. కబినీకి చాలదు. ఐఫోన్ 15 ప్రో మాక్స్‌లో పెద్ద జూమ్ కెమెరా 120 ఎంఎంకి సమానం, మీ 200-500 లెన్స్ ఆ నికాన్ బాడీలోని చిన్న సెన్సర్ వల్ల 750 ఎంఎంకి సమానం దాకా వెళ్తుంది, నంబర్ పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనపడతాయి. వేసవిలో బ్యాక్‌వాటర్ అవతలి గట్టున ఏనుగులు నిలబడితే ఫోన్‌లో నల్లటి చుక్కలు తప్ప ఏం రావు, పైగా పొద్దున్నే ఆ మసక వెలుతురు.

రెంట్ వద్దనేది ఎప్పుడంటే, రోజులు ఎక్కువైనప్పుడు. లడఖ్ లాంటి రెండు మూడు వారాల ట్రిప్ అయితే రోజు అద్దె కూడితే బాగా అవుతుంది, అప్పుడు మీ మోడలే సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడం నయం, లెన్సులు, బ్యాటరీలు, ఛార్జర్ అన్నీ పట్టేస్తాయి, తర్వాత అమ్మేసుకోవచ్చు. నికాన్ అయితే అక్కడే ఒక జేపెగ్ ఫోటో తీసి, ఆ ఫైల్‌లో దాగి ఉండే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఆ లెక్క) చూడండి, డీ5600 లాంటి బాడీల షట్టర్‌ని 1,00,000 సార్ల దాకా టెస్ట్ చేస్తారు, దానికి దగ్గర్లో ఉంటే వదిలేయండి. విదేశాలకి అయితే ముందు రెంట్ వాళ్లని అడగాలి, ఒప్పుకోనివాళ్లున్నారు. పడవలో గంటలకొద్దీ తిరిగే ప్లాన్ ఉన్నా నేను రెంట్ తీసుకోను, నీళ్లు పడితే డిపాజిట్ మర్చిపోవాల్సిందే.

తెచ్చుకునేది బయల్దేరే రోజు కాకుండా ముందు రోజు సాయంత్రం, వెలుతురు ఉండగానే తెచ్చుకోండి, ఒక రోజు అద్దె ఎక్కువైనా పర్లేదు. షాపులోనే మీ లెన్స్ పెట్టి ఎఫ్/16లో (లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, సెన్సర్ మీద దుమ్ము ఉంటే మచ్చలు కనపడతాయి, అక్కడే క్లీన్ చేయించండి లేదా వేరే బాడీ అడగండి. ఇరవై ఫోటోలు వరసగా కొట్టండి, కార్డ్ డోర్ గట్టిగా పడుతుందో లేదో చూడండి, ఉన్న గీతలన్నీ వాళ్ల ఎదురుగానే ఫోన్‌లో ఫోటో తీసుకుని వాళ్ల నంబర్‌కి వాట్సాప్ చేసేయండి, తిరిగి ఇచ్చేటప్పుడు వాదన ఉండదు.