బట్టల షాపు పాత లెక్కలు, డిజైన్లు క్లౌడ్ ఆర్కైవ్‌లో పెట్టి ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

బరంపురంలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలూ కంప్యూటర్లూ రెండూ నేనే చూస్తా. ఇక్కడివాళ్లు, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు వ్యాపారస్తులు పాత డేటా ఎక్కడ దాచాలి అని అడుగుతూ ఉంటే ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తున్నా, అందుకే మేం వాడే పద్ధతి మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

మాది మూడు మెట్లు. ఈ ఏడాదీ పోయినేడాదీ డేటా ఆఫీసులో రెండు డిస్కుల నాస్‌లో (నెట్‌వర్కుకి తగిలించిన స్టోరేజీ పెట్టె) ఉంటుంది. చీరల డిజైన్ స్కాన్లు, ఫొటోలు అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ ముంబైలో, గ్లేసియర్ ఇన్‌స్టంట్ రిట్రీవల్ అనే, అడిగిన వెంటనే ఇచ్చే ఆర్కైవ్ క్లాసులో. ఇంక ఎవరూ అడగరు కానీ చట్టం ప్రకారం పారేయకూడదు అనేవన్నీ, అంటే పాత బిల్లుల స్కాన్లు, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ బ్యాకప్‌లు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అవి అక్కడే డీప్ ఆర్కైవ్‌లో, అంటే అన్నిటికన్నా చవకైన, నెమ్మదైన క్లాసులో. షాపు, వెనక గది, ఊరి చివర గోడౌను, సరుకుకి మనం చేసేదే ఇది కూడా. ఇన్నేళ్లు వాడాక చెప్తున్నా, ఇవాళ కొత్తగా మొదలుపెట్టమన్నా మళ్లీ ఇలాగే పెడతా.

అందరూ ముందు అడిగేది జీబీకి రేటెంత అని. నన్నడిగితే ముందు చూడాల్సింది అది కాదు, అడిగినరోజు ఎంతసేపు ఆగగలం అన్నది. మా దగ్గర డిజైన్ స్కాన్లు ఏడాదంతా కలిపినా కొద్దిసార్లే తీస్తాం, ఆ లెక్కన అన్నిటికన్నా చవకైన దాంట్లోకి తోసేయొచ్చు అనిపిస్తుంది. కానీ పెళ్లి పార్టీ వచ్చి పరుపు మీద కూర్చుని, మా అక్క పెళ్లికి ఇక్కడే తీసుకున్నాం ఆ ఫొడా అంచు పట్టుచీర, అలాంటిదే కావాలి అంటే మా సావుకారు గారు లోపలికి కేకేస్తారు, "బాబూ, ఆ పాత డిజైన్ బొమ్మ తియ్యి, పార్టీవాళ్లు కూర్చున్నారు" అని. "రేపు పొద్దున్నకి వస్తుందండి" అని చెప్పగలమా? డీప్ ఆర్కైవ్‌లో స్టాండర్డ్ పద్ధతిలో అడిగితే 12 గంటల లోపు, బల్క్‌లో అడిగితే 48 గంటల లోపు వస్తుంది, అర్జెంటుగా నిమిషాల్లో తెప్పించుకునే ఎక్స్‌పెడైటెడ్ పద్ధతి అందులో లేనేలేదు. ఇన్‌స్టంట్ రిట్రీవల్ అయితే మామూలు ఫైల్లాగే వెంటనే తెరుచుకుంటుంది, తీసినప్పుడు జీబీకి కొంత కట్టాలి, అంతే. ఈ క్లాసు 2021 నవంబరులో వచ్చింది, డిజైన్ల లాంటి సరుకుకి ఇంతకంటే సరిపోయేది నాకింకోటి కనపడలేదు.

అదే జీఎస్టీ ఆఫీసు నుంచి పాత బిల్లు చూపించమని నోటీసు వచ్చిందనుకోండి, జవాబు ఇవ్వడానికి రోజులు టైముంటుంది, 12 గంటలు ఒక లెక్క కాదు. సాయంత్రం షాపు కట్టేసే ముందు రిక్వెస్ట్ పెట్టేసి పొద్దున్న టీ తాగి వచ్చేసరికి ఫైలు రెడీగా ఉంటుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి, ఆర్కైవ్ నుంచి బయటికొచ్చేది తాత్కాలిక కాపీ, ఎన్ని రోజులు ఉంచాలో మనమే చెప్పాలి, ఆ రోజులన్నీ ఆ కాపీకి స్టాండర్డ్ క్లాసు, అంటే మామూలు స్టోరేజీ రేటు పడుతుంది, లోపలున్న అసలుదానికి దాని రేటు ఎలాగూ పడుతూనే ఉంటుంది. నేను వారం పెడతా, వచ్చిన వెంటనే నాస్‌లోకి దింపేస్తా.

ఇప్పుడు చిన్న ఫైళ్ల సంగతి, దీనికి కాస్త ఓపిగ్గా లెక్క వేసుకోవాలి. అమెరికా రీజియన్ రేట్లలో డీప్ ఆర్కైవ్ జీబీకి నెలకి 0.00099 డాలర్లు, అంటే టెరాబైటు మొత్తానికి సుమారు ఒక డాలరు. ముంబైలో ఇంతకంటే ఎక్కువే, పైన జీఎస్టీ ఉంటుంది, కానీ లెక్క నడిచే తీరు ఒకటే. బిల్లు స్కాను ఒక్కోటి 100 కేబీ అనుకుంటే లక్ష బిల్లులు 10 జీబీ, దాచడానికి నెలకి ఒక్క సెంటు. అయితే లోపలికి ఎక్కించడానికి వెయ్యి రిక్వెస్టులకి 0.05 డాలర్లు కాబట్టి లక్ష ఫైళ్లు విడివిడిగా ఎక్కిస్తే 5 డాలర్లు, అంటే నలభై ఏళ్ల దాపుడు ఖర్చు ఎక్కించిన రోజే అయిపోయినట్టు! ఇది చాలదని ప్రతి ఫైలుకీ 40 కేబీ అదనంగా లెక్కలో చేరుతుంది, అందులో 8 కేబీకి స్టాండర్డ్ రేటు. పైకి చిన్నవే కానీ ఆ 8 కేబీలన్నీ కూడితే వచ్చే బిల్లు అసలు డేటా బిల్లుకంటే ఎక్కువ. అందుకే నెలవారీ జిప్ కట్టి ఎక్కించండి. ఏడాదికి 12 ఫైళ్లు, మాకు అమ్మకాలకి వేరే కొనుగోళ్లకి వేరే కాబట్టి 24. ఏడాదంతా ఒకే జిప్ చెయ్యొద్దు, ఒక్క బిల్లు కోసం మొత్తం కిందికి దించాల్సొస్తుంది. మన ఊళ్లో నెట్ ఎలా ఉంటుందో తెలుసుగా.

ఇంకో నియమం, డీప్ ఆర్కైవ్‌లో పెట్టింది 180 రోజుల లోపు డిలీట్ చేసినా మిగిలిన రోజులకి డబ్బు పడుతుంది, ఇన్‌స్టంట్‌లో 90 రోజులు. కాబట్టి ఇంకా మారుతున్న ఫైళ్లు అక్కడికి పంపకూడదు. ఆడిటర్ గారి సంతకం అయ్యాకే మేం ఆ ఏడాది కట్ట పంపిస్తాం.

ఈ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది స్టోరేజీ కాదు, ఇండెక్స్ షీటు. జిప్ లోపల ఏముందో క్లౌడ్‌కి తెలీదు, మనకి తెలియాలి. ప్రతి బిల్లుకీ నంబరు, తేదీ, మొత్తం, పార్టీ జీఎస్టీ నంబరు, ఏ జిప్‌లో ఉంది, ఇవన్నీ ఒక షీటులో ఉంటాయి, ఆ షీటు ఎప్పుడూ నాస్‌లోనే ఉంటుంది, కాపీ క్లౌడ్‌లో స్టాండర్డ్ క్లాసులో. పార్టీ పేరు మీద మాత్రం వెతక్కండి, ఒకే పార్టీని ఒడియా కుర్రాడు ఒకలా, మనవాళ్లు ఒకలా టైపు చేస్తారు. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, ఎవరు కొట్టినా ఒకటే. పైగా మన బోర్డరు వ్యాపారానికి ఇంకో సుఖం, మొదటి రెండు అంకెలు చూస్తే 21 ఒడిశా, 37 ఆంధ్ర, ఇచ్ఛాపురం పార్టీలకి వెళ్లిన ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకాల జీఎస్టీ) బిల్లులన్నీ ఒక్క ఫిల్టరుతో పక్కకొచ్చేస్తాయి. ఈ షీటు లేకుండా డీప్ ఆర్కైవ్ జోలికి వెళ్లొద్దని మాత్రం గట్టిగా చెప్తా, ఏ జిప్ అడగాలో తెలీకపోతే ఒక్కో ఊహకీ 12 గంటలు పోతుంది.

ఎన్నేళ్లు ఉంచాలి అన్నది కూడా చాలామంది తప్పు లెక్క వేస్తున్నారు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 36వ సెక్షన్ ప్రకారం 72 నెలలు, కానీ ఆ 72 నెలలు మొదలయ్యేది ఆర్థిక సంవత్సరం చివర్నుంచి కాదు, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి. 2017-18 రిటర్ను గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2020 ఫిబ్రవరి దాకా వచ్చింది, అంటే ఆ బిల్లుల గడువు 2026 ఫిబ్రవరి దాకా. అప్పీలో కేసో నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది, ఏది తర్వాతైతే అది. కంపెనీగా రిజిస్టరైన వాళ్లకి కంపెనీల చట్టం 128వ సెక్షన్ కింద 8 ఆర్థిక సంవత్సరాలు. అందుకని లైఫ్‌సైకిల్ రూల్‌లో ఇన్ని రోజులకి డిలీట్ అని పెట్టేసి నిద్రపోకండి, ఆ రోజులు లెక్కయ్యేది ఫైలు ఎక్కించిన తేదీ నుంచి, బిల్లు తేదీ నుంచి కాదు. పాత బిల్లులు ఆలస్యంగా ఎక్కించినవాళ్లకి ఆ రూలు అర్థం లేని లెక్క చెప్తుంది. మేం ఏడాదికో ఫోల్డరు పెట్టి, డిలీట్ మాత్రం ఆడిటర్ గారిని అడిగి చేత్తోనే చేస్తాం.

డేటా ఊరు దాటి బయట ఉండాలి అన్నది మన జిల్లావాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాని ఎలా ముంచిందో పర్లాకిమిడి వాళ్లని అడగండి. షాపులో ఎన్ని డిస్కులున్నా ఒకే కప్పు కింద ఉన్నవే. అయితే తుఫాను తర్వాత కరెంటూ నెట్టూ రోజులకొద్దీ ఉండవు, క్లౌడ్‌లో భద్రంగా ఉన్నా అప్పుడు మన చేతికి రాదు, బాకీల లిస్టు లాంటివి నాస్‌లో ఉంచుకోవాల్సిందే, ఒక ప్రింటు కూడా.

డేటా దాచే మాగ్నెటిక్ టేపు సంగతి అడిగారు కొందరు. ఎల్‌టీవో రకంలో తొమ్మిదో తరం ఎల్‌టీవో-9 టేపు ఒక్కటి 18 టెరాబైట్లు పడుతుంది, చాలా మంచి సరుకే, కానీ డ్రైవు ధర లక్షల్లో, మా డేటా మొత్తం రెండు టెరాబైట్లే. పైగా ఎల్‌టీవో-8 డ్రైవు ఎల్‌టీవో-6 టేపు చదవదు, అంటే డ్రైవులు మారుతున్నకొద్దీ టేపులూ మార్చుకుంటూ పోవాలి. పెద్ద మిల్లులకి, ఆస్పత్రులకి అయితే ఆలోచించొచ్చు, షాపులకి వద్దు.

ట్యాలీ బ్యాకప్ ఒక్కటే దాస్తే సరిపోదు. బాగా పాత వెర్షన్ల డేటా కొత్త ట్యాలీలో నేరుగా తెరుచుకోదు, మైగ్రేట్ చెయ్యాలి. ప్రతి ఏడాది కట్టలో డేబుక్, లెడ్జర్లు, ట్రయల్ బ్యాలన్స్ పీడీఎఫ్‌లుగా కూడా పెడతా, సాఫ్ట్‌వేర్ ఏది మారినా కాగితంలా చదువుకోవచ్చు. ప్రతి జిప్‌కీ చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టించే కోడు) ఇండెక్స్‌లో రాస్తా, ఆడిట్ సీజన్ అయ్యాక ఏదో ఒక పాత నెల తెప్పించి సరిపోల్చి చూస్తా. ఎప్పుడూ తీసి చూడని బ్యాకప్‌ని నేను నమ్మను.

ఇంకో రెండు పనులు తప్పకుండా చెయ్యండి. అకౌంటు యజమాని పేరు మీద, షాపు మెయిల్ మీద ఉండాలి, నాలాంటి ఉద్యోగి సొంత మెయిల్ మీద వద్దు. బిల్లు మరీ చిన్నది కదా, కార్డు గడువు అయిపోయి డబ్బు కట్ అవ్వకపోయినా ఎవరూ గమనించరు, కట్టకుండా వదిలేస్తే అకౌంటే ఆగిపోతుంది. మా సావుకారు గారి ఫోన్లోనూ నా ఫోన్లోనూ ప్రతి నెలా దానికి రిమైండర్ మోగుతుంది. రెండోది ఆబ్జెక్ట్ లాక్, అంటే ఫైలు చెరపకుండా వేసే తాళం. దాన్ని కంప్లయన్స్ మోడ్ అనే గట్టి పద్ధతిలో ఒక గడువు ఇచ్చి పెడితే ఆ గడువు దాకా రూట్ అకౌంటు (అన్ని అధికారాలున్న అసలు అకౌంటు) కూడా ఆ ఫైలు డిలీట్ చెయ్యలేదు, ఫైళ్లు బంధించి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వాడు లోపలికొచ్చినా అంతే. కానీ గడువు తక్కువ చేసుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి ముందు ఒక చిన్న ఫైలు మీద కొద్ది రోజులు పెట్టి చూసుకుని, తర్వాత ఏడాది కట్టల మీద పెట్టండి.